13 రాత్రులు, 237 పాటలు

2017 వేసవిలో ఫిష్ అనే అమెరికన్ రాక్ బ్యాండ్ న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్ అనే ఇండోర్ స్టేడియంలో 13 రాత్రులు వాయించింది. మొత్తం 237 పాటలు, ఒక్కటీ రెండోసారి రాలేదు. పెద్ద స్టార్లు చాలామంది టూర్ పొడవునా దాదాపు అవే పాటలు, అదే వరసలో పాడేసి వస్తారు. మరి వీళ్లకెందుకు ఇంత శ్రమ? ఇలా వేదిక మీదే అప్పటికప్పుడు అల్లుకుంటూ పాటని సాగదీసే జామ్ బ్యాండ్లకి హద్దులు నచ్చవు, అందుకే బ్లూస్, జాజ్, బ్లూగ్రాస్, ఫంక్ అన్నీ కలిపేస్తారు అంటారు. నాకైతే అసలు కారణం వేదిక మీద కాదు, ఎదురుగా ఉందనిపిస్తుంది. నిన్న వచ్చినవాడే ఇవాళా టికెట్ కొనుక్కుని వస్తున్నాడు.

ఈ దారి వేసింది 1965లో కాలిఫోర్నియాలో మొదలైన గ్రేట్‌ఫుల్ డెడ్. గిటారిస్ట్ జెర్రీ గార్సియా బ్యాంజో మీద బ్లూగ్రాస్ సాధన చేసినవాడు. ఫిల్ లెష్ ఆధునిక పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం చదువుకున్నాడు, ఈ బ్యాండులోకి వచ్చాకే బాస్ గిటార్ పట్టాడు. కీబోర్డు వాయిస్తూ పాడే పిగ్‌పెన్‌ది పచ్చి బ్లూస్. 30 ఏళ్లలో సుమారు 2,300 కచేరీలు చేసినా, అమెరికా టాప్ టెన్‌కి చేరిన పాట ఒక్కటే, అదీ 1987లో. అంటే ఇల్లు గడిచింది ప్రధానంగా టికెట్ల మీదే. అభిమానులు వ్యాన్లేసుకుని ఊరూరా వెంటపడేవారు. పార్కింగ్ స్థలంలోనే టీషర్టులు, శాండ్‌విచ్‌లు అమ్మి తర్వాతి టికెట్ డబ్బులు సంపాదించుకునేవాళ్లూ ఉండేవారు. అలాంటివాడికి నిన్నటి కచేరీనే మళ్లీ వడ్డిస్తే ఊరుకుంటాడా?

1977 మే 8న కార్నెల్ యూనివర్సిటీలో వాళ్లు వాయించిన రెండు పాటలు వినండి. స్కార్లెట్ బిగోనియాస్, ఆగకుండా దాని వెంటే ఫైర్ ఆన్ ది మౌంటెన్, కలిపి దాదాపు 25 నిమిషాలు. మొదటి పాటలో సాహిత్యం అయిపోయినా వాయిద్యాలు ఆగవు. రెండో పాట మొత్తం బీ, ఏ అనే రెండు కార్డుల (ఒకేసారి కలిపి మోగించే స్వరాల) మీదే తిరుగుతుంది. మొదటిది ముగింపులో చేరేదీ అక్కడికే. అందుకే ఒకటి ఎక్కడ అయిందో, ఇంకోటి ఎక్కడ మొదలైందో చెప్పలేం. అభిమానులు పాటల జాబితాలో ఆ చోట బాణం గుర్తు వేసుకుంటారు. కచేరీలో మనోధర్మానికి అలవాటుపడ్డ చెవికి ఇది కొత్తేం కాదు. నిజానికి బ్యాండులోని డ్రమ్మర్ మిక్కీ హార్ట్ తబలా విద్వాంసుడు అల్లా రఖా దగ్గర తాళం నేర్చుకున్నాడు. 1991లో జాకిర్ హుస్సేన్, ఘటం విద్వాంసుడు విక్కు వినాయకరామ్‌లతో ప్లానెట్ డ్రమ్ అనే ఆల్బమ్ చేసి గ్రామీ కూడా అందుకున్నాడు.

అలాగని ప్రతి జామ్ అద్భుతం కాదు. కొన్ని రాత్రులు పావుగంట సేపు ఎటు పోవాలో తెలియక తచ్చాడుతుంటారు, వినేవాడికి నిద్రొస్తుంది. అయినా అభిమాని దాన్ని నష్టం అనుకోడు. రేపు కుదరొచ్చు, కుదిరిన రాత్రి తను అక్కడ లేకపోతేనే నష్టం.

కచేరీని రికార్డు చేసుకోవడానికి గ్రేట్‌ఫుల్ డెడ్ అభిమానులకి అనుమతి ఇవ్వడం వెనక లెక్క కూడా ఇదే అని నా అభిప్రాయం. మైకుల కర్రలు పొడుగ్గా నిలబెట్టి వెనకవాళ్లకి అడ్డం వస్తున్నారని, 1984లో టేపర్లకి, అంటే రికార్డు చేసుకునేవాళ్లకి, సౌండ్ మిక్సర్ వెనక విడిగా చోటిచ్చారు. అమ్మకూడదు, పంచుకోవచ్చు. మామూలు బ్యాండుకి ఇది ఆత్మహత్యే. ఇక్కడ మాత్రం నిన్నటి టేపు రేపటి టికెట్‌కి ప్రకటన అయింది. 2005లో బ్యాండు తన కచేరీల డౌన్‌లోడ్లని ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే ఉచిత ఆన్‌లైన్ భండారం నుంచి తీయించేసరికి అభిమానులు మండిపడ్డారు. ప్రేక్షకులు చేసిన రికార్డింగులైనా వెంటనే తిరిగి పెట్టక తప్పలేదు.

ఇప్పుడు ఆట లాస్ వేగాస్‌లోని స్ఫియర్‌కి, అంటే లోపల పెద్ద తెర చుట్టేసిన గోళంలాంటి హాలుకి మారింది. 2024లో ఫిష్ అక్కడ నాలుగు రాత్రుల్లో 68 పాటలు వాయించింది, అక్కడా ఒక్కటీ రిపీట్ చేయలేదు. పాత డెడ్ సభ్యులున్న డెడ్ అండ్ కంపెనీ అదే ఏడాది 30 షోలు, మరుసటి ఏడాది 18 షోలు చేసింది. బ్యాండు కదలడం లేదు, జనమే విమానమెక్కి వస్తున్నారు. విమానం, హోటల్, టికెట్ కలిపితే ఒకే వారాంతానికి జేబు ఖాళీ. వరసగా అన్ని రాత్రులూ వచ్చేవాడు తగ్గి, ఒక్కసారి చూసి పోయే టూరిస్టు పెరిగితే, అతనికి రెండు వందల పాటలు అక్కర్లేదు. బాగా తెలిసిన ఇరవై పాటలూ, వెనక బ్రహ్మాండమైన తెరా చాలు.