పెదవులు కలవకపోవడం ప్రింటు లోపం కాదు
ఇటలీ దర్శకుడు పసోలినీ యేసు కథతో తీసిన 'మత్తయి సువార్త' (1964)లో మాటకూ పెదవికీ పొంతన లేదని, అది ప్రింటు లోపమని ఒక వ్యాసంలో రాశారు. కాదండీ. అప్పట్లో ఇటలీలో మాటలు తర్వాత డబ్బింగులో కలపడమే మామూలు. యేసుగా వేసిన ఎన్రికే ఇరాజోకీ స్పెయిన్ విద్యార్థి. మనకు వినిపించే గొంతు నటుడు ఎన్రికో మరియా సలెర్నోది. పసోలినీదే 'అక్కత్తోనే' (1961)లోనూ అంతే, హీరో ఫ్రాంకో చిత్తి మొహానికి పావోలో ఫెర్రారీ గొంతు.

కొత్తగా చూసేవాళ్లు ముందు నిడివి చూసుకోండి. అసలుది 137 నిమిషాలు, నలుపు తెలుపు. రంగులద్ది, ఇంగ్లిష్‌లోకి డబ్ చేసి, 91 నిమిషాలకు కోసేసిన డీవీడీ ఒకటుంది. దాని జోలికి పోవద్దు. ఇటాలియన్ ఆడియో, సబ్‌టైటిల్స్ పెట్టుకోండి.

రోమన్ అధికారి పిలాతు యేసును విచారించే ఘట్టం దగ్గర ఆగి చూడండి. కెమెరా చేత్తో పట్టుకుని, జనం తలల వెనక నుంచి తీశారు. ఎవరిదో బుర్ర అడ్డొస్తుంది, ఫ్రేము ఊగుతుంది, యేసు ఎక్కడో దూరంగా, చిన్నగా. గుంపులో వెనక నిలబడ్డ శిష్యుడికి ఎంత కనబడుతుందో మనకూ అంతే. 'అక్కత్తోనే'లో మొహానికి ఎదురుగా, కదలకుండా పెట్టిన క్లోజప్పుల పక్కన దీన్ని పెట్టి చూస్తే పద్ధతి ఎంత మారిందో తెలుస్తుంది. పసోలినీ సినిమాలు నేరుగా 'సలో' (1975)తో మొదలుపెడితే మాత్రం ఇవేవీ కంటికి ఆనవు.