ఓజోన్‌కు చిల్లు పెట్టింది శ్రీహరికోట రాకెట్టా, మిద్దె మీది ఏసీనా?

ఎండలు ముదిరితే చాలు, మా నెల్లూరు వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ మళ్లీ తిరగడం మొదలవుతుంది. దాని సారాంశం ఇది: "శ్రీహరికోట రాకెట్లు ఓజోన్ పొరకు చిల్లు పెట్టాయి, అందుకే నెల్లూరులో ఈ ఎండలు. గ్రీన్ బిల్డింగ్ (పర్యావరణానికి హాని తగ్గేలా కట్టే భవనం) కడితే ఓజోన్ బాగుపడుతుందనేది ఉత్త వ్యాపారం. నాలుగు మొక్కలు పెడితే ఆకాశంలో చిల్లు పూడుతుందా? ఎలాగూ ప్రభుత్వం ఏసీల్లోని పాత గ్యాసులు ఆపేసింది. మామూలు జనానికి ఇదంతా దండగ."

మా పెద్దమ్మ కొడుకు పొదలకూరు రోడ్డులో ఇల్లు కడుతున్నాడు. "చూడబ్బయ్యా, గ్రీన్ బిల్డింగ్ అంటూ నువ్వు చెప్పేదంతా ఉత్తదే అంట" అని నాకూ పంపాడు. ఆయనకు ఫోన్‌లో చెప్పిందే ఇక్కడ రాస్తున్నా.

రాకెట్ల సంగతి ముందు తేల్చేద్దాం. అందులో పిసరంత నిజం లేకపోలేదు. మన పీఎస్‌ఎల్‌వీ రాకెట్ మొదటి దశలో దాదాపు 138 టన్నుల ఘన ఇంధనం ఉంటుంది. అది కాలితే వచ్చే పొగలో హైడ్రోజన్ క్లోరైడ్ ఉంటుంది, క్లోరిన్ ఓజోన్‌కు శత్రువే. కానీ లెక్క చూడండి. 1980ల చివర్లో ప్రపంచం ఏడాదికి దాదాపు పది లక్షల టన్నుల సీఎఫ్‌సీలు (క్లోరోఫ్లోరోకార్బన్లు, క్లోరిన్ ఉన్న గ్యాసులు) తయారు చేసింది. ఏసీల్లో, ఫ్రిజ్‌ల్లో, స్ప్రేల్లో, ఫోముల్లో వాడింది. దాని ముందు ఏడాదికి నాలుగైదు రాకెట్ల పొగ ఏపాటి? పైగా పొగలో కింద మిగిలిపోయిన భాగం వానతో కడుక్కుపోతుంది. సీఎఫ్‌సీ వానకు కరగదు, దేనితోనూ కలవదు. మెల్లగా పైకి చేరి, అక్కడ అతినీలలోహిత కిరణాలు తగిలాక గానీ విడిపోదు. అప్పుడు బయటపడే ఒక్క క్లోరిన్ పరమాణువు లక్ష వరకు ఓజోన్ అణువులను విరగ్గొట్టగలదు. మోలినా, రోలాండ్ అనే శాస్త్రవేత్తలు ఈ సంగతి చెప్పింది 1974లో. శ్రీహరికోట నుంచి ఉపగ్రహ వాహకనౌక మొదటిసారి లేచింది ఆ తర్వాత ఐదేళ్లకు, 1979లో. (శ్రీహరికోట ఇప్పుడు తిరుపతి జిల్లాలోకి పోయింది. అయినా పొగడ్తయినా నింద అయినా నెల్లూరోళ్లకే చెందుతుంది!)

ఇంకో మాట, ఆ చిల్లు మన నెత్తిన లేదు. 1985లో బ్రిటిష్ శాస్త్రవేత్తలు దాన్ని కనిపెట్టింది అంటార్కిటికా మీద. అక్కడి శీతాకాలపు గడ్డకట్టే చలిలో ఏర్పడే మేఘాల వల్ల ఏటా సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో అది పెద్దదవుతుంది. ఓజోన్ ఆపేది అతినీలలోహిత కిరణాలను. అవి ఎక్కువైతే కంట్లో శుక్లాలు, చర్మ క్యాన్సర్ వస్తాయి. అంతేగానీ రోహిణి కార్తె ఉక్కపోతకూ దానికీ చుట్టరికం లేదు. మేలో పడమటి గాలి వడగాలై కొట్టి, సముద్రపు గాలి ఆలస్యమైన రోజు నెల్లూరు ఎలా ఉడికిపోతుందో ఇక్కడ పుట్టినవాళ్లకు ఒకరు చెప్పాలా?

ఇక మొక్కల మాట. ఇదొక్కటి ఒప్పుకుంటా. బాల్కనీలో మనీప్లాంట్ పెడితే ఓజోన్‌కు ఒరిగేదేమీ లేదు. కానీ గ్రీన్ బిల్డింగ్ ప్రమాణాలు ఓజోన్ గురించి అడిగేది మొక్కలను కాదు, గ్యాసును. హైదరాబాదులోని సోహ్రాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్‌కు 2003లో లీడ్ (అమెరికాలో పుట్టిన గ్రీన్ బిల్డింగ్ ప్రమాణం) ప్లాటినం రేటింగ్ వచ్చింది. ఆ రేటింగులో ఏసీ వ్యవస్థకు సీఎఫ్‌సీ వాడకూడదన్నది మార్కుల కోసం కాదు, ముందస్తు షరతు. మన దేశంలో సీఎఫ్‌సీలు ఆగిపోయింది 2010లో. అంటే చట్టం గడువు కన్నా ముందే ప్రమాణం అడ్డం పడింది. తర్వాత వచ్చిన లీడ్ రూపాల్లో లెక్క ఇంకా ముదిరింది. గ్యాస్ ఓజోన్‌ను ఎంత తింటుంది, భూమిని ఎంత వేడెక్కిస్తుంది, ఏటా ఎంత కారుతుంది, యూనిట్ పారేసేటప్పుడు ఎంత పోతుంది అన్నీ లెక్కేసి చూపించాలి. ఏటా 2 శాతం లీకు, చివర్లో 10 శాతం నష్టం అని వాళ్లే ఒక అంచనా పెట్టుకుంటారు. మన ఊళ్లో జరిగేది చూస్తే ఆ 10 శాతం మరీ మంచితనం అనిపిస్తుంది.

ఎందుకంటే నా కళ్లారా చూశా. మూడేళ్ల కింద మా ఇంట్లో పాత ఆర్-22 ఏసీ తీయించాం. ఆర్-22 అంటే సీఎఫ్‌సీల కన్నా ఓజోన్‌కు తక్కువ హాని చేసే హెచ్‌సీఎఫ్‌సీ రకం గ్యాసు. మెకానిక్ కుర్రాడు మిద్దె ఎక్కి, పైపు నట్టు వదులు చేసి, గ్యాసంతా బుస్సుమని గాలికి వదిలేశాడు. "పాతదే కదన్నా" అన్నాడు. ఒక టన్నున్నర స్ప్లిట్‌లో కిలో అటూఇటూ గ్యాస్ ఉంటుంది. ఆర్-22 ఓజోన్‌కు చేసే హాని పాత సీఎఫ్‌సీ-11తో పోలిస్తే 0.055 వంతు, అంటే కిలోకు 55 గ్రాముల సీఎఫ్‌సీ వదిలినట్టు. భూమి వేడి లెక్కలో అయితే అదే కిలో 1,800 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. నేనూ పక్కనే నిలబడి చూశా, నోరెత్తలేదు.

గోడలు, పైకప్పుల్లోనూ ఈ కథ ఉంది. రొయ్యల కోల్డ్ స్టోరేజీల్లో చూసే పఫ్ ప్యానెళ్ల (వేడిని ఆపే ఫోము పలకల) ఫోమును పొంగించడానికి మొదట సీఎఫ్‌సీ-11, ఆ తర్వాత హెచ్‌సీఎఫ్‌సీ-141బీ వాడేవారు. చల్లదనం కాపాడే సరుకే పైన ఓజోన్‌ను తినేది! మన దేశంలో 141బీ ఆగింది 2020 జనవరి 1న. ఏసీతో పాటు ఇన్సులేషన్ కూడా ఏ గ్యాసుతో చేసిందో అడగాలని ప్రమాణాలు పట్టుబట్టింది ఇందుకే.

"ప్రభుత్వం ఆపేసింది కదా" అనేది సగం నిజం. ఓజోన్‌ను తినే గ్యాసులు ఆపేందుకు దేశాలు చేసుకున్న 1987 మాంట్రియల్ ఒప్పందమే అసలు పని చేసింది, ఆ ఘనత గ్రీన్ బిల్డింగులకు అంటగట్టను. దాని పుణ్యాన ఓజోన్ 2040 ప్రాంతానికి చాలాచోట్ల, అంటార్కిటికా మీద 2066 ప్రాంతానికి 1980 నాటి స్థితికి వస్తుందని అంచనా. కానీ మనలాంటి దేశాలకు హెచ్‌సీఎఫ్‌సీల గడువు 2030. ఆ తర్వాత కూడా పాత యూనిట్ల రిపేర్లకు 2040 దాకా కొద్దిగా వెసులుబాటు ఉంది. ఇప్పటికే ఇళ్ల మీద కూర్చున్న ఆర్-22ను ఏ జీవో వచ్చి పట్టుకుంటుంది? కొత్త ఏసీల్లోని ఆర్-32తో ఓజోన్‌కు భయం లేదు, భూమి వేడి సమస్య మాత్రం ఉంది. అందుకే ఇలాంటి గ్యాసులనూ తగ్గించాలంటూ ఆ మాంట్రియల్ ఒప్పందానికి 2016లో కిగాలీ సవరణ. వేరే గ్యాసులు మన వాతావరణానికి పనికిరావు అనేవాళ్లు ఒకసారి ఐస్ ఫ్యాక్టరీకి వెళ్లి చూడాలి. అక్కడ తరాలుగా నడిచేది అమ్మోనియా మీద, ఓజోన్‌కు దాని హాని సున్నా. (ఘాటు, విషం కాబట్టి ఇంటికి పనికిరాదు, అది వేరే మాట.)

ఖర్చు సంగతి. గ్రీన్ బిల్డింగ్ సర్టిఫికెట్‌కు డబ్బవుతుంది, మా అన్నకు అది అక్కర్లేదన్నాను. 2018లో వచ్చిన ఎకో నివాస్ సంహిత (ఇళ్లకు కేంద్రం ఇచ్చిన ఇంధన పొదుపు నియమావళి) మిద్దె గుండా ఎంత వేడి దిగొచ్చో హద్దు పెట్టింది. ఇంట్లో వేడి తగ్గించడానికి చేయాల్సింది పెద్దదేం కాదు. మిద్దె మీద తెల్ల పూత, పడమటి కిటికీలకు లోతైన సన్‌షేడ్. దాంతో రెండు టన్నుల ఏసీ అనుకున్న గదికి టన్నున్నర సరిపోవచ్చు, గ్యాసూ ఆ మేరకు తగ్గుతుంది. ఏసీ కొనేటప్పుడు స్టిక్కర్ మీద గ్యాస్ నంబరు చూడమన్నా.

పాత ఇంట్లోని ఏసీ విప్పించేటప్పుడు మాత్రం మెకానిక్‌తో ముందే మాట్లాడుకోమన్నా. కంప్రెసర్ నడుస్తుంటే, గ్యాసంతా ఔట్‌డోర్ యూనిట్‌లోకి లాగి వాల్వులు మూసేయొచ్చు. పంప్ డౌన్ అంటారు, పావుగంట పని. "అంతేనా?" అన్నాడు. మెసేజ్ డిలీట్ చేశాడో లేదో అడగలేదు.