ముట్టుకుంటే అట్టముక్క, ముట్టకపోతే ఆస్తి

అమెరికాలో క్రీడా కార్డుల సేకరణ నూరేళ్లు దాటి ఇప్పుడు దాదాపు పరిపూర్ణ దశకు వచ్చింది. పిల్లల బెడద వదిలింది. కార్డులతో పాటు ప్యాకెట్‌లో వచ్చే బబుల్‌గమ్ మరక వదిలింది. కార్డు వెనక్కి తిప్పి, ఆటగాడు ఆ ఏడాది ఎన్ని హోమ్ రన్లు కొట్టాడో చదివే పాడలవాటు కూడా చాలావరకు పోయింది. ఇక మిగిలిన చిక్కల్లా ఒక్కటే, కార్డు. రెండున్నర అంగుళాల వెడల్పు, మూడున్నర అంగుళాల పొడుగు ఉన్న ఆ అట్టముక్క ఇప్పటికీ మధ్యలో అడ్డం పడుతూనే ఉంది. దానికి మూలలుంటాయి, అవి నలుగుతాయి. అంచులుంటాయి, అవి పెచ్చులూడతాయి. దాన్ని కొన్నవాడి చేతికి అందకుండా చేయడానికి ఈ రంగం ఎంత పాటుపడిందో లోకం సరిగ్గా గుర్తించలేదు.

ముందుగా తల్లులకు దండం పెట్టాలి. ఈ మార్కెట్‌ను నిలబెట్టింది వాళ్లే. 1950లలో పిల్లలు కార్డులను సైకిల్ చక్రం పుల్లలకు తగిలించి టపటపలాడించారు, గోడకేసి విసిరి పందేలు కాశారు, మిగిలినవాటికి రబ్బరు బ్యాండు బిగించి బూట్ల డబ్బాలో కుక్కారు. వాళ్లు పెద్దవాళ్లై ఇల్లు వదలగానే తల్లులు గది ఊడ్చి ఆ డబ్బాను చెత్తలో వేశారు. కార్డులు అచ్చేసే టాప్స్ కంపెనీ కూడా తన వంతు సాయం చేసింది. 1952 సెట్‌లో అమ్ముడుపోని పెట్టెలు గిడ్డంగిలో చోటు తినేస్తున్నాయని 1960లో పడవకెక్కించి అట్లాంటిక్‌లో పారబోసింది. ఆ సెట్‌ను రూపొందించిన సై బెర్గరే దగ్గరుండి ఆ పని చేశానని తర్వాత చెప్పుకున్నాడు. అందులోదే బేస్‌బాల్ ఆటగాడు మికీ మాంటిల్ బొమ్మ ఉన్న 311వ నంబరు కార్డు. కార్డుల నాణ్యతకు అంకె వేసే ఎస్‌జీసీ సంస్థ 9.5 గ్రేడు ఇచ్చిన కాపీ ఒకటి 2022 ఆగస్టులో కోటీ 26 లక్షల డాలర్లకు పోయింది. అందులో తల్లులకు గానీ సముద్రానికి గానీ వాటా ఇచ్చిన దాఖలా లేదు.

పాత కార్డుల ధరలు చూసి జనానికి తెలివొచ్చింది. అదే కొంప ముంచింది. 1981లో ఫ్లీర్, డాన్‌రస్ కంపెనీలు బేస్‌బాల్ కార్డుల్లోకి దిగాయి, 1989లో అప్పర్ డెక్ వచ్చింది, అడిగినవాడికి లేదనకుండా అందరూ అచ్చు గుద్దారు. కొన్నవాళ్లు పెట్టెలకు పెట్టెలు విప్పకుండా అటకెక్కించి, పిల్లల కాలేజీ చదువుకు ఢోకా లేదనుకున్నారు. ఈసారి తల్లులు కూడా ఒక్కటీ పారేయలేదు. అందరి అటకల మీదా ఉన్నదాన్ని ఎవడు కొంటాడు? ఆ కాలానికి ‘జంక్ వ్యాక్స్’ (మైనపు కాగితం ప్యాకెట్ల చెత్త) అన్న పేరు మాత్రం మిగిలింది. ఆ నున్నటి కార్డులు ముప్పయ్యేళ్లు ఒకదాన్నొకటి ఒత్తుకుని, తేమకు ఇటుకలా అతుక్కుపోతాయి. విడదీయబోతే ఒకడి ముఖం ఇంకొకడి వీపుకు అంటుకుని వస్తుంది. బబుల్‌గమ్ సంగతీ అప్పుడే తేలిపోయింది. అది కార్డుకు మరక చేస్తోందని సేకరణకర్తలు మొరపెట్టుకుంటే టాప్స్ 1992 ప్యాకెట్ల నుంచి తీసేసింది. ప్యాకెట్‌లో పిల్లవాడికి కచ్చితంగా పనికొచ్చే వస్తువు అదొక్కటే.

ఇక తల్లుల మీద ఆధారపడితే లాభం లేదని కంపెనీలకు అర్థమైంది. కొరతను ఫ్యాక్టరీలోనే తయారు చేసుకోవాలి. 1993లో టాప్స్ ఫైనెస్ట్ సెట్‌తో రిఫ్రాక్టర్ పుట్టింది. వెలుగులో అటూ ఇటూ ఊపితే ఇంద్రధనుస్సు కనిపించే కార్డది. తర్వాత రంగులొచ్చాయి. అదే ఆటగాడు, అదే ఫొటో, అదే పోజు. బంగారు రంగు అంచైతే 50 ప్రతులు, నారింజ అయితే 25, ఎరుపైతే 5, సూపర్‌ఫ్రాక్టర్ అయితే ఒక్కటి. అదీ చాలక కార్డును అచ్చేసిన లోహపు ప్లేట్లను కూడా ప్యాకెట్లలో పెట్టి అమ్మారు. నీలం, గులాబి, పసుపు, నలుపు రంగులకు తలా ఒక ప్లేటు కాబట్టి, ఒకే ఒక్కటి ఉన్న వస్తువులు నాలుగున్నాయి. లెక్కల మాస్టర్లు దీన్ని పట్టించుకోకపోతేనే మంచిది.

తర్వాతి ఘట్టం చొక్కాలది. 2003లో డాన్‌రస్ సంస్థ పాతకాలపు బేస్‌బాల్ దిగ్గజం బేబ్ రూత్ ఆటలో తొడుక్కున్న చొక్కాను 2,64,210 డాలర్లకు వేలంలో కొంది. అలాంటివి ప్రపంచంలో వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. మ్యూజియంలో పెడితే జనం ఊరికే చూసిపోతారు కనుక, కత్తిరించి ముక్కకో కార్డు చొప్పున ప్యాకెట్లలోకి ఎక్కించింది. ఇప్పటి కార్డులకు అంత పాపం అంటలేదు. వెనక వైపు చిన్న అక్షరాలు చదవండి, లోపలి గుడ్డ ఫలానా ఆటకు గానీ ఫలానా సీజన్‌కు గానీ చెందినది కాదని నిజాయితీగా రాసి ఉంటుంది. కొత్త ఆటగాళ్లను ఫొటోల కోసం పిలిచి, చొక్కా తొడిగి, విప్పి, ఇంకోటి తొడిగి కూడా గుడ్డ పోగుచేస్తారు. చెమట పట్టేంత సేపు ఒంటి మీద ఉండాలన్న నిబంధన ఎక్కడా లేదు.

నిజంగా ఆటలో వాడిన ముక్కలూ లేకపోలేదు. అమెరికా అగ్రశ్రేణి బేస్‌బాల్ పోటీ అయిన మేజర్ లీగ్‌లో తొలి మ్యాచ్ ఆడే ఆటగాడి చొక్కా చేతికి కుట్టిన ప్యాచ్‌ను తీసి కార్డులో పెట్టే పద్ధతి 2023లో మొదలైంది. పాల్ స్కీన్స్ తొలి మ్యాచ్ ప్యాచ్, సంతకంతో సహా, లాస్ ఏంజిలిస్ ప్రాంతపు పదకొండేళ్ల పిల్లవాడికి ప్యాకెట్‌లో తగిలింది. స్కీన్స్ ఆడే పిట్స్‌బర్గ్ పైరేట్స్ ఆ కార్డు తమకిస్తే ముప్పయ్యేళ్ల పాటు సీజన్ టికెట్లు ఇస్తామంది. ముప్పయ్యేళ్లు కూర్చుని బేస్‌బాల్ చూడాలా, చూడకుండా ఉండి డబ్బు తీసుకోవాలా అన్నది ప్రశ్న. 2025 మార్చిలో కార్డు 11 లక్షల 10 వేల డాలర్లకు వేలంలో పోయింది. పిల్లవాడు దాన్ని సైకిల్ చక్రానికి తగిలించలేదు. ఈ రంగం ఇచ్చిన శిక్షణ అలాంటిది.

ఇంకా ముందుచూపు ఉన్నవాళ్లకు కొత్త కుర్రాళ్ల బొమ్మలతో వచ్చే బౌమన్ కార్డులున్నాయి. పదిహేడేళ్ల కుర్రాడు, మేజర్ లీగ్ మైదానం గడప తొక్కలేదు, తొక్కుతాడో లేదో తెలియదు, కానీ తొలి బౌమన్ కార్డని తెలిపే ‘ఫస్ట్ బౌమన్’ ముద్ర ఉన్న అతని సంతకం కార్డుకు వేలం నడుస్తుంటుంది. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. వేరే సెట్లలో సంతకం నేరుగా కార్డు మీదే ఉండాలని కూడా లేదు. షీట్ల కొద్దీ స్టిక్కర్ల మీద గీకించుకుని, తర్వాత తీరిగ్గా అంటిస్తారు. అదీ సమయానికి అందకపోతే ప్యాకెట్‌లో రిడెంప్షన్ కార్డు వస్తుంది. అది ప్రామిసరీ నోటు. కోడ్ నమోదు చేసి ఎదురుచూడాలి. నోటు మీద గడువు తేదీ మీకు ఉంటుంది, కంపెనీకి ఉండదు.

ఇంతా చేసి కార్డు చేతికొచ్చిందనుకోండి. అసలు భక్తి ఇక్కడ మొదలవుతుంది. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వాలి కదా, ఆ పూజారి పేరు గ్రేడింగ్ కంపెనీ. 1991లో మొదలైన పీఎస్ఏ కార్డును 1 నుంచి 10 వరకు తూచి ప్లాస్టిక్ స్లాబ్‌లో సమాధి చేసి పంపుతుంది. 10కీ 9కీ తేడా కంటికి కనిపించదు, ధరలో మాత్రం కొన్ని రెట్లు ఉంటుంది. 10 రావాలంటే ముందు వైపు సెంటరింగ్, అంటే ఎదురెదురు అంచుల సమతూకం, ఇప్పుడు 55/45 లోపల ఉండాలంటారు. కార్డుకు ఎడమ, కుడి అంచులు కలిపి 6 మిల్లీమీటర్లున్నాయనుకుందాం. ఒకవైపు 3.3, రెండోవైపు 2.7 వరకు ఫరవాలేదు. కోత యంత్రం ఇంకో వెంట్రుక పక్కకు జరిగితే ఆటగాడి జీవితకాలపు ప్రతిభ అంతా 9కి పడిపోతుంది.

కనుక పంపే ముందు విధి ప్రకారం చేయాలి. కార్డును టేబుల్ లైటు కింద వాలుగా పట్టుకుని తిప్పండి. నేరుగా చూస్తే కనిపించని గీతలు, ఇంకు చుక్కలు, రోలర్ వదిలిన సన్నటి చారలు అప్పుడే బయటపడతాయి. క్రోమ్ అనే మెరిసే పూత కార్డుల్లో ఈ చారలు ఫ్యాక్టరీ నుంచే వస్తాయి, తుడిస్తే పోవు. నాలుగు మూలలనూ 10 రెట్లు పెద్దగా చూపే భూతద్దంతో చూడాలి, ఎక్కడైనా తెల్లగా కనబడితే పూత లేచిందన్నమాటే. దుమ్ముంటే మైక్రోఫైబర్ గుడ్డతో తేలిగ్గా అద్దాలి, రుద్దితే కొత్త గీత మీ ఖాతాలో పడుతుంది. తర్వాత పెన్నీ స్లీవ్ అనే పల్చటి ప్లాస్టిక్ తొడుగు. దాని నోరు బిగుతుగా ఉంటుంది, తొందరపడి తోస్తే కింది మూల నలిగేది ఇక్కడే. స్లీవ్ పై మూలను కత్తెరతో కొంచెం ఏటవాలుగా కోస్తే సులువుగా జారుతుంది. దాన్ని మళ్లీ మెత్తటి సెమీ రిజిడ్ కవర్‌లోకి దించాలి. గ్రేడింగ్‌కు టాప్‌లోడర్ అనే గట్టి ప్లాస్టిక్ కవర్‌లో పంపకండి, బయటికి లాగేటప్పుడు వాళ్ల చేతిలో దెబ్బ తింటుంది. రెండు అట్టల మధ్య పెట్టి బిగించాలి, కానీ రబ్బరు బ్యాండు కార్డు మీదుగా పోతే వంపు తిరుగుతుంది. మూతికి పెయింటర్లు వాడే నీలం టేపే వేయాలి. మామూలు సెల్లో టేపు వేస్తే జిగురు స్లీవ్‌కు, అక్కడి నుంచి కార్డుకు ఎక్కుతుంది.

ఫారంలో కార్డు విలువ మీరే రాయాలి. తక్కువ రాసి చౌక రకం సర్వీసు ఎంచుకున్నారు, ఖర్మ కాలి 10 వచ్చింది. అప్పుడు విలువ పెరిగింది గనుక పై తరగతి రుసుము కట్టమంటారు. వైద్యుడు రోగి బాగా కోలుకున్నాడని బిల్లు పెంచినట్టన్నమాట. అయినా జనం వెనక్కి తగ్గలేదు. 2021 మార్చిలో పీఎస్ఏ చేతులెత్తేసి చాలా సర్వీసులు ఆపేసింది. అంతకుముందు మూడు నెలల్లో రానన్ని కార్డులు మూడు రోజుల్లో వచ్చిపడ్డాయని వాళ్లే ప్రకటించారు. ఆ ఏడాది జనవరిలో 1986 ఫ్లీర్ మైకేల్ జోర్డన్, పీఎస్ఏ 10, 7,38,000 డాలర్లు పలికింది. ఏడాదిన్నర తిరక్కముందే రెండు లక్షల లోపుకు దిగింది. కార్డు మాత్రం ఒక్క గీత కూడా పడకుండా అలాగే ఉంది. 2021 మే నెలలో విస్కాన్సిన్‌లో ఒక టార్గెట్ దుకాణం బయట కార్డుల కోసం కొట్లాట జరిగి తుపాకీ బయటికి రావడంతో, ఆ సంస్థ కొన్నాళ్లు దుకాణాల్లో కార్డులు అమ్మడమే మానేసింది. నాలుగంగుళాలు లేని అట్టకు ఇంతకంటే గౌరవం ఏం దక్కుతుంది?

పూజారుల మాట ఎంత నమ్మదగిందో అంటారా, పీఎస్ఏ గ్రేడు చేసిన మొట్టమొదటి కార్డు టీ206 అనే పాత సిగరెట్ కార్డుల సెట్‌లోని హోనస్ వాగ్నర్. ఒకప్పుడు ఐస్ హాకీ ఆటగాడు వేన్ గ్రెట్జ్‌కీ చేతిలో ఉండేది, గ్రేడు 8. దాని అంచులు కత్తిరించింది నేనేనని బిల్ మాస్ట్రో అనే వేలందారు 2013లో కోర్టులో ఒప్పుకున్నాడు. అంచు కత్తిరించిన కార్డుకు అంకె గ్రేడు ఇవ్వకూడదన్నది గ్రేడింగ్‌లో అ, ఆ లాంటి నియమం. ఇంకెవరి కార్డైనా అయితే తిప్పి పంపేవారే.

ప్యాకెట్ విప్పే శ్రమ కూడా ఇప్పుడు సేకరణకర్తకు లేదు. దాని పేరు బ్రేక్. చేతితొడుగులు వేసుకున్న ఒకాయన లైవ్‌లో 12 బాక్సుల కేసు విప్పుతుంటాడు, మీరు ముందే ఒక జట్టును కొనుక్కుంటారు. కేసు 6,000 డాలర్లనుకోండి. 30 జట్లు, సగటున 260 చొప్పున అమ్మితే 7,800. విప్పకముందే 1,800 ఆయన జేబులో. జట్టును మీరే ఎంచుకునే రకమైతే మంచి రూకీ (కొత్తగా వచ్చిన ఆటగాడు) ఉన్న జట్టు ధర ఆకాశంలో ఉంటుంది. చీటీ తీసే రకమైతే అందరికీ ఒకటే ధర, రూకీ పేరైనా వినని జట్టు మీకొస్తుంది. హిట్, అంటే సంతకమో చొక్కా ముక్కో ఉన్న విలువైన కార్డు, పడితే ఆయన కేకలేస్తాడు, మీరు ఇంట్లో కూర్చుని హార్ట్ బొమ్మ నొక్కుతారు. మామూలు కార్డులు పంపుతారా లేదా అన్నది షరతుల్లో ముందే చూసుకోండి. చాలాచోట్ల హిట్లే పంపుతారు, మిగిలిన వందల కార్డులు ఏ గంగలో కలుస్తాయో అడిగినవాడు లేడు. తల్లులు చేసిన పని ఇప్పుడు నేరుగా అక్కడే అయిపోతోంది.

మిగతా ఇబ్బందులను క్రీడా దుస్తులు, సామగ్రి అమ్మే ఫనాటిక్స్ సంస్థ తొలగిస్తోంది. 2022 జనవరిలో టాప్స్‌ను కొనేసింది. లీగుల లైసెన్సులు దాని దగ్గరే చేరుతున్నాయి. బ్రేకులు చూసే లైవ్ వేదిక దానిదే, తిరిగి అమ్ముకునే వేలం కూడా దానిదే. ఇది గుత్తాధిపత్యమని 2023లో పోటీ కార్డుల కంపెనీ పానీనీ కోర్టుకెక్కింది. పానీనీకి బొత్తిగా సేవాభావం అర్థం కాదు. అవతల పీఎస్ఏ మాతృసంస్థ 2024లో ఎస్‌జీసీని కొనేసింది కనుక, పూజారుల మధ్య తగువులూ తగ్గుతాయి. గ్రేడయ్యాక కార్డును ఇంటికి తెప్పించుకోనక్కర్లేదు, కంపెనీ వాల్ట్ (భద్రపరిచే గది)లోనే ఉంచేయొచ్చు. అక్కడి నుంచే వేలానికి పెడతారు. కొన్నవాడూ అక్కడే ఉంచుతాడు. ముగ్గురు యజమానులు మారినా కార్డు అల్మరాలోంచి అంగుళం కూడా కదలదు.

అయినా 9 వచ్చినవాడికి నిద్ర పట్టదు. స్లాబ్ పగలగొట్టి మళ్లీ పంపితే 10 వస్తుందేమోనన్న ఆశ. పద్ధతి ఇది. స్లాబ్‌ను గుడ్డలో చుట్టి పట్టుకుని, లేబుల్ ఉన్న వైపు మూలను కటింగ్ ప్లయర్‌తో కొరకాలి. అతుకు దగ్గర సందు పడగానే చదును స్క్రూడ్రైవర్ దూర్చి, కార్డుకు దూరంగా నెమ్మదిగా మెలితిప్పాలి. ఒక్కసారిగా తిప్పితే ప్లాస్టిక్ పెంకులు ఎగిరి కార్డు మీద గీత పడుతుంది, అప్పుడు 9 కాస్తా 7 అవుతుంది. సగాలు విడిపోయాక కార్డు బయటికొస్తుంది. అంచులు పట్టుకుని వెంటనే స్లీవ్‌లోకి జార్చండి. ముందు వైపు ఎవరి బొమ్మ ఉందో చూస్తూ నిలబడితే వేలిముద్ర పడుతుంది.