మడత బల్ల ఇంకా ఎవరు వాడతారండీ అని అడిగిన మా అపార్ట్‌మెంట్ గ్రూపు పెద్దలకి

ఇప్పుడే కింద నుంచి వచ్చాను. చేతులకి చెక్కపొట్టు ఇంకా అలాగే ఉంది. కడుక్కోకుండానే టైప్ చేస్తున్నా, కడుక్కుంటే కోపం కూడా దాంతోపాటే పోతుందేమోనని.

జరిగింది చిన్నదే. ఆదివారం కదా అని కారు తీసి రోడ్డు మీద పెట్టి, సెల్లారులో మా పార్కింగ్ గీతల మధ్య నా మడత బల్ల, అంటే వడ్రంగి పని చేసుకునే మడిచే బల్ల, వేసుకున్నా. గీతల మధ్యే. అంగుళం కూడా పక్కకి పోలేదు. ఆ గీతలకి ఫ్లాటు కొన్నప్పుడు విడిగా డబ్బు కట్టాం, రసీదు కూడా ఉంది. ఊరగాయ జాడీలకి ఒక అర చేస్తున్నా. ఆరంగుళాల వెడల్పు చెక్క, మూడడుగుల పొడవు. దాన్ని బల్ల పైపలకల మధ్య, అదే దవడల మధ్య, నిలబెట్టి బిగించి అంచుకి చిత్రిక పడుతున్నా. అంతే. దొంగతనం కాదు, పేకాట కాదు.

సెక్రటరీగారు వచ్చారు. పాలప్యాకెట్ చేతిలో పట్టుకుని ఒక నిమిషం చూశారు.

"ఏమ్మా, మీవారు ఊళ్ళో లేరా?"

"ఉన్నారండీ, పైన పడుకున్నారు."

"మరి ఇదంతా నువ్వు..." అని వాక్యం అక్కడే వదిలేసి ఫోను తీసి ఫొటో కొట్టుకున్నారు. నేను మూడో అంతస్తు ఎక్కేలోపు అది గ్రూపులో ఉంది. "దయచేసి పార్కింగ్‌లో వర్క్‌షాపులు నడపవద్దు", పక్కన రెండు దణ్ణాలు. పదకొండు థంబ్సప్‌లు. అందులో ఒకటి మా ఆయనది. నిద్రమత్తులో చెయ్యి తగిలిందట. సరే, ఆ సంగతి ఇంట్లో చూసుకుంటా.

అసలు మండించింది రెండో అంతస్తు ఆయన రాసింది. "ఇంకా ఈ మడత టేబుళ్లు ఎవరు వాడుతున్నారండీ? యాప్‌లో కొడితే అరగంటలో కార్పెంటర్ వస్తాడు."

వస్తాడండీ. మా ఇంటికీ వచ్చాడు, పోయినేడాది. వంటింట్లో ఒక పలక రెండంగుళాలు తగ్గించాలని పిలిచా. నాలుగంగుళాల మార్బుల్ కట్టర్ తెచ్చాడు, రాయి కోసేదే, బ్లేడు మాత్రం చెక్కది వేశాడు. మన దగ్గర సగం ఇంటీరియర్ పని దానితోనే నడుస్తుంది, అది వేరే కథ. పలక పెట్టుకోవడానికి ఏమీ లేదు. నేను అటు తిరిగి ఇటు తిరిగేలోపు డైనింగ్ టేబుల్ కుర్చీ లాక్కుని, దాని మీద పలక పెట్టి, కాలితో తొక్కిపట్టి కోసేశాడు. పలక తెగింది. కుర్చీ కూడా తెగింది. సీటు ముందు అంచు మీద నాలుగు వేళ్ళ పొడుగున గాటు. "ఏం కాదు మేడమ్, మైనం పెట్టి పాలిష్ కొడితే కనబడదు" అన్నాడు. కనబడుతుంది. ఇడ్లీ తినడానికి కూర్చున్న ప్రతిసారీ మోకాలి వెనక తగులుతుంది కూడా.

ఇక్కడో సంగతి చెప్పాలి, నాకు చాలా ఇష్టమైనది. ఈ మడత బల్ల పుట్టిందే కుర్చీ కోసుకున్నందుకు. 1961లో ఇంగ్లండ్‌లో రాన్ హిక్‌మన్ అనే ఆయన, దక్షిణాఫ్రికాలో పుట్టినవాడు, లోటస్ కార్ల కంపెనీలో డిజైనర్, ఇంట్లో బట్టల అల్మారా చేసుకుంటూ ఖరీదైన కుర్చీని పనిబల్లగా వాడి దాన్నే కోసేశాడు. లోటస్ ఎలాన్ కారు గీసిన మనిషి! ఆయనకే తప్పలేదంటే మా యాప్ కుర్రాణ్ణి ఏమంటాం. తేడా ఏంటంటే ఆయన మైనం పెట్టి పాలిష్ కొట్టలేదు, కూర్చుని వర్క్‌మేట్ అనే ఈ మడత పనిబల్ల తయారుచేశాడు. కంపెనీల చుట్టూ తిరిగితే ఎవరూ తీసుకోలేదు. వందల్లో కూడా పోవు, డజన్లలో పోతాయేమో అన్నారట ఒకచోట. 1968లో సొంతంగా అమ్మడం మొదలుపెట్టాడు. మొదట కాదన్న పనిముట్ల కంపెనీ బ్లాక్ అండ్ డెక్కరే తర్వాత 1972లో దిగొచ్చి తయారీ మొదలుపెట్టింది. ఆయన 2011లో పోయేనాటికి అమ్ముడైనవి కోట్లలో. ఆ కంపెనీల్లో కూడా మా రెండో అంతస్తు ఆయనలాంటివాళ్ళు కూర్చుని ఉంటారు, "ఎవరు వాడతారండీ" అనుకుంటూ.

నేను వాడతాను. నాది వర్క్‌మేట్ కాదు, దాన్ని చూసి చేసిన ఏదో ఒకటి, మూడువేల చిల్లర. కానీ పద్ధతి అదే. పైన రెండు పలకలు, ఒకటి కదలదు, ఇంకోటి కదులుతుంది. రెండు చివర్లా రెండు హ్యాండిళ్ళు, దేనికది విడిగా తిరుగుతుంది. అక్కడే ఉంది తెలివంతా. ఒక చివర సన్నగా, ఇంకో చివర లావుగా ఉన్న ముక్కని కూడా పట్టుకుంటుంది, ఎందుకంటే దవడ వంకరగా కూడా మూసుకుంటుంది. లోపలి అంచుల్లో చిన్న గాడి ఉంటుంది, పైపుని అందులో పెడితే జారదు. పైన చిల్లుల్లో నాలుగు ప్లాస్టిక్ గూటాలు దిగ్గొడితే దవడల్లో పట్టని వెడల్పు చెక్క కూడా పడుకునే బిగుస్తుంది. పని అయ్యాక మడిచి బెడ్రూమ్ తలుపు వెనక. రెండు నిమిషాలు. బీరువాకీ గోడకీ మధ్య దోమతెర స్టాండు ఉన్నంత చోటు చాలు.

అబ్బో, ఇంకో జాతి ఉంది. వీడియోల పండితులు. "పనిబల్ల అంటే కదలకూడదు, కనీసం వంద కిలోలు ఉండాలి, మడతవి ఆటబొమ్మలు." ఒప్పుకుంటా స్వామీ, కదులుతుంది. చిత్రిక గట్టిగా తోస్తే బెత్తెడు ముందుకి జరుగుతుంది. కింద అడ్డకమ్మీ మీద ఎడమ కాలు వేసి తొక్కిపట్టి చేస్తా. ఎనిమిది బై నాలుగు ప్లై షీటు, పద్దెనిమిది ఎంఎంది, ముప్పై కిలోల పైమాటే, దాన్ని ఒంటరిగా దీని మీదకి ఎత్తమంటే ఎత్తను. షాపువాడి దగ్గరే కోయించుకుని తెచ్చుకుంటా. ఇంతకీ ఆ వంద కిలోల బల్ల మీరు ఎక్కడ పెట్టమంటారు? పదకొండు వందల అడుగుల ఫ్లాటులో? దేవుడి గది తీసేయనా?

డల్లాస్‌లో మా పెద్దమ్మ కొడుకు ఉన్నాడు, వాడికి గ్యారేజీయే మన రెండు బెడ్రూముల ఫ్లాటంత. పెద్ద బల్ల ఉంది, గోడకి మడతది కూడా ఉంది. ఏది వాడతావురా అంటే మడతదే అక్కా అన్నాడు. ఎందుకంటే పెద్దదాని మీద ఎప్పుడూ ఏదో ఒకటి ఉంటుందట. పెయింటు డబ్బాలు, పిల్లల స్కేట్లు, పోయిన దీపావళి లైట్లు. చదునుగా కనబడితే చాలు, మనిషి దాని మీద ఏదో ఒకటి పెడతాడు. మడతదాని మీద పెట్టలేడు, మడవాలంటే ఖాళీ చెయ్యాలి కదా. కాబట్టి తీసినప్పుడల్లా ఖాళీగానే ఉంటుంది.

బల్ల మీద ఏదో ఒకటి పెట్టడం అంటే గుర్తొచ్చింది. గుర్తొచ్చిందేంటి, మర్చిపోతే కదా.

మా నాన్న షిప్‌యార్డులో వడ్రంగి. ఇంట్లో ఆయనకో బల్ల ఉండేది, వేగిస చెక్కది, సొంతంగా చేసుకున్నది. పుట్టి బుద్ధెరిగాక ఆ బల్ల ఒక్క వెంట్రుకవాసి కదలడం నేను చూడలేదు. ముగ్గురు మగాళ్ళు కలిస్తే గానీ జరగదు. దాని మీద నిలబెట్టి నాకు రంపం పట్టడం నేర్పాడు. ఎనిమిదేళ్ళుంటాయేమో. "గట్టిగా పట్టుకోకు, పిచ్చుకపిల్లని పట్టుకున్నట్టు పట్టుకో, కోసేది రంపం, నువ్వు కాదు" అనేవాడు. అన్నయ్యకీ నేర్పాడు. వాడు రెండోరోజే క్రికెట్‌కి పోయాడు.

నాన్న పోయాక నేను అడిగింది ఒక్కటే. బంగారం అడగలేదు, గాజువాక ఇల్లు అడగలేదు. బల్ల అడిగాను. "ఆడపిల్లవి, బల్లతో ఏం చేస్తావే? ఫ్లాటులో ఎక్కడ పెడతావు? నా దగ్గరే ఉండనీ, నాన్న గుర్తుగా ఉంటుంది" అన్నాడు అన్నయ్య. అందరూ తలూపారు. అమ్మ కూడా. ఆ నెలలోనే నేను ఈ మడత బల్ల కొన్నా. మీరందరూ ఇది నా హాబీ అనుకుంటున్నారు కదా.

ఇప్పుడు ఆ గుర్తు మీద ఏముందో చెప్పనా? ఇన్వర్టరు. రెండు బ్యాటరీలు. పక్కన వదిన తడిగుడ్డల బకెట్టు. పోయిన సంక్రాంతికి వెళ్ళినప్పుడు చూశా, బ్యాటరీ కారి బల్ల మీద చేటంత మచ్చ, అక్కడ చెక్క గోటితో గీరితే పీచులా లేస్తోంది. నాన్న రోజూ ముంజేయి ఆన్చి గీత గీసుకునే చోటది. అక్కడ ఆ చెక్క అద్దంలా నునుపెక్కి ఉండేది. నేనేమీ అనలేదు. భోగిపిడకలు పేర్చుకుంటూ కూర్చున్నా.

సెక్రటరీగారూ, అర పూర్తవడానికి ఇంకో గంట పని ఉంది. సాయంత్రం నాలుగింటికి మళ్ళీ దిగుతున్నా, గీతల మధ్యే. ఈసారి వీడియో తీసుకోండి, ఫొటోలో చిత్రిక సరిగ్గా పడలేదు. పొట్టు నేనే ఊడ్చుకుంటా, ఎప్పుడూ ఊడుస్తున్నా. పైన వాటర్ ట్యాంకు కడిగిన రోజు మీ కాంట్రాక్టరు వదిలేసిన బురద మాత్రం మూడు వారాలుగా అక్కడే ఉంది, దాని ఫొటో గ్రూపులో ఎందుకు రాలేదో.

అన్నయ్యా, ఇది చదువుతావని తెలుసు. లైకు కొట్టవు గానీ అన్నీ చదువుతావు. ఇన్వర్టరు పెట్టుకోవడానికి చక్రాల ట్రాలీలు వస్తున్నాయి ఇప్పుడు, బ్యాటరీలు కూడా పడతాయి. లింకు కింద కామెంట్లో పెడుతున్నా. డబ్బులు నేనే కడతా. ముగ్గురు మనుషుల్నీ, ఆటో ట్రాలీనీ కూడా నేనే మాట్లాడుకుంటా. ఎక్కడ పెడతావు అని మాత్రం అడగకు.