గానుగెద్దు కాదు బావా

పోయిన వారం మా బంధువుల వాట్సాప్ గ్రూపులో ఒక వీడియో తిరిగింది. 2006లో వచ్చిన 'టాలడేగా నైట్స్' అనే హాలీవుడ్ కామెడీ సినిమాలోని ముక్క అది. హీరో విల్ ఫెరెల్ చెడ్డీ, హెల్మెట్‌తో, ఒంటికి మంటలంటుకున్నాయని అరుస్తూ రేస్ ట్రాకు మీద పరిగెడుతుంటాడు. మంటలు మాత్రం ఎక్కడా కనపడవు. దాని కింద ఎవరో తెలుగులో ఒక నోటు తగిలించారు: "అమెరికా కార్ల రేసు అంటే ఇంతే. షోరూమ్ కార్లు తెచ్చి గానుగెద్దులా మూడు గంటలు ఎడమకే తిప్పుతారు. తెలివి అక్కర్లేదు. ఫార్ములా వన్ డ్రైవర్ ఒక్కడొస్తే వీళ్లందరూ ఇంటికే. ప్రాణభయం కూడా లేదు. ఈ బండారం బయటపెట్టిందనే రేసు సంస్థ ఈ సినిమా మీద మండిపడింది."

మా బావ దీన్ని మూడు గ్రూపుల్లో పెట్టి, "మీ ఊరి సంగతేనటగా" అని నన్ను ట్యాగ్ కూడా చేశాడు. నేనుండేది అమెరికాలో, నార్త్ కరోలినా రాష్ట్రంలోని షార్లెట్‌లో. ఈ కార్ల రేసులు నడిపే సంస్థ పేరు నాస్కార్. ఆ టీముల్లో చాలా వాటి వర్క్‌షాపులు మా చుట్టుపక్కలే ఉంటాయి. ఆ సినిమా నేను నాలుగుసార్లు చూశాను, నాలుగుసార్లూ కడుపుబ్బ నవ్వాను. నా తగువు సినిమాతో కాదు, ఆ నోటుతో.

మొదటిది, షోరూమ్ కార్లు. ఇది ఒకప్పుడు నిజమే. 1948లో బిల్ ఫ్రాన్స్ అనే ఆయన ఫ్లోరిడాలోని డేటోనా బీచ్‌లో నాస్కార్ మొదలుపెట్టాడు. మరుసటేడు జూన్ 19న ఇక్కడే షార్లెట్‌లో, మట్టి ట్రాకు మీద రేసు పెట్టారు. షోరూమ్ నుంచి వచ్చిన కారు వచ్చినట్టే ఉండాలన్నది రూలు. గ్లెన్ డనవే అందరికంటే ముందు గీత దాటాడు. తీరా రేసయ్యాక కారు కిందికి దూరి చూస్తే వెనక స్ప్రింగులు మార్చి ఉన్నాయి. ఎందుకంటే ఆ కారు అసలు ఉద్యోగం నాటుసారా మోయడం. డిక్కీ నిండా సరుకుతో, వెనక పోలీసులు తరుముతుంటే, మలుపుల్లో బోల్తా పడకుండా చేసుకున్న ఏర్పాటు అది. డనవేని పక్కనపెట్టి, కాన్సస్ నుంచి వచ్చిన జిమ్ రోపర్‌ని విజేతగా ప్రకటించారు. కారు ఓనరు కోర్టుకెక్కి ఓడిపోయాడు.

అంటే "మార్పుల్లేని కారు" (ఇంగ్లీషులో "స్టాక్ కారు") అనే మాట ఆ రూలుతో పెట్టిన మొదటి రేసులోనే తేలిపోయింది. ఇప్పటి కారుకి ఇనుప గొట్టాలతో కట్టిన చట్రం, 5.8 లీటర్ల వీ8 ఇంజను ఉంటాయి. తలుపులుండవు, డ్రైవర్ కిటికీలోంచి దూరాలి. హెడ్‌లైట్లు వట్టి స్టిక్కర్లు. దగ్గరికెళ్లి వేలితో గీరి మరీ చూశాను. మైసూర్ బజ్జీలో మైసూరు ఎంతో, స్టాక్ కారులో స్టాకు అంత.

ఇక అసలు ముక్క గానుగెద్దు. గానుగెద్దు ఒంటరిగా తిరుగుతుంది. దాని వెనక ఇంకో ముప్ఫైతొమ్మిది ఎద్దులు, జానెడు దూరంలో, గంటకి మూడొందల కిలోమీటర్ల వేగంతో రావు.

సినిమా పేరులో ఉన్న టాలడేగా అలబామా రాష్ట్రంలోని ఒక ట్రాకు. 1969లో తెరిచారు. చుట్టు 2.66 మైళ్లు, అంటే నాలుగు కిలోమీటర్ల పైచిలుకు. మలుపుల్లో రోడ్డు 33 డిగ్రీలు వాలి ఉంటుంది. చెప్తే అర్థం కాదు. షార్లెట్‌లో నాస్కార్ హాల్ ఆఫ్ ఫేమ్ అని ఒక మ్యూజియం ఉంది. అక్కడ పాత కార్లన్నీ ఒక వాలు దారి మీద వరసగా పెట్టారు. మొదట్లో నేల సమానంగా ఉంటుంది, పోనుపోను వాలు పెరిగి చివరికి టాలడేగా అంత అవుతుంది. ఆ చివర ఉన్న కారు గోడకి అతికించినట్టుంటుంది. "నాన్నా, ఇది జారి మన మీద పడదా?" అని మావాడు నా వెనక్కి వచ్చి నిలబడ్డాడు. ఎగ్జిబిషన్‌లో బావిలో బైకు తిప్పేవాణ్ణి చూశాం కదా, వేగం ఉన్నంతసేపే గోడ వాణ్ణి పట్టుకుంటుంది. ఇక్కడా సుమారుగా అదే లెక్క.

1987లో బిల్ ఎలియట్ అనే డ్రైవర్ అక్కడ, రేసులో ఎవరు ముందు నిలబడాలో తేల్చే క్వాలిఫయింగ్‌లో గంటకి 212.809 మైళ్లు, అంటే 342 కిలోమీటర్లు తోలాడు. అదే ఏడు మేలో బాబీ అలిసన్ కారు టైరు పేలి, గాల్లోకి లేచి, ప్రేక్షకుల ముందున్న కంచెని చీల్చుకుంటూ పోయింది. దాంతో 1988 నుంచి టాలడేగా, డేటోనా ట్రాకుల మీద ఇంజనుకి వెళ్లే గాలిని తగ్గించేలా అడ్డు బిళ్ల పెట్టారు. అప్పట్నుంచి అన్ని కార్ల వేగమూ దాదాపు ఒకటే, ఎవరూ విడిపించుకుని ముందుకి పోలేరు. గుంపుగా పోతారు. ఒకడి చెయ్యి వణికితే ఇరవై కార్లు తుక్కు.

మరి అందరి వేగమూ ఒకటే అయితే గెలిచేది ఎలా? గాలితో. మన హైవే మీద లారీ వెనకాల బైకు నడిపినవాళ్లకి తెలుసు, ఎదురుగాలి ఒక్కసారిగా తగ్గి బండి తేలిగ్గా పోతుంది (చెయ్యొద్దు, ఉదాహరణ కోసం చెప్తున్నా). ముందున్న కారు గాలిని చీలుస్తుంటే వెనక కారు ఆ సందులో పోతుంది. వెనక కారు దగ్గరికొస్తే ముందున్న కారుకి కూడా లాభమే. 1960లో డేటోనా 500 అనే 500 మైళ్ల రేసులో జూనియర్ జాన్సన్ తన కారు మిగతావాటికంటే నెమ్మదిగా పోతోందని తెలిసీ ఈ కిటుకు పట్టుకునే గెలిచాడు. ఆయనా సారా బండ్లు తోలి వచ్చినవాడే. 1956లో జాన్సన్ తన తండ్రి సారా బట్టీ దగ్గర పోలీసులకి దొరికి జైలుకి వెళ్లాడు. ముప్ఫై ఏళ్ల తర్వాత అధ్యక్షుడు రీగన్ క్షమాభిక్ష పెట్టాడు.

ఇది తెలిశాక సినిమా ఇంకో రకంగా కనిపిస్తుంది. హీరో రికీ బాబీ ఎప్పుడూ ఫస్టు, ప్రాణస్నేహితుడు కాల్ ఎప్పుడూ సెకండు. కాల్ దారి చేసి పెడతాడు, రికీ దూసుకుపోతాడు. కాల్ ఒక్కసారి నన్ను గెలవనివ్వమని అడిగితే రికీకి ఆ మాటే అర్థం కాదు. మనం వాళ్ల అమాయకత్వానికి నవ్వుతాం. కానీ ఆ స్నేహం తాలూకు లెక్క టాలడేగా గాలిలోంచి వచ్చింది. అక్కడ ఒంటరిగా ఎవడూ గెలవలేడు, తోసేవాడు కావాలి. తోసినవాడికి మాత్రం కప్పు రాదు. గానుగెద్దు అన్నవాళ్లు ఈ జోకులో సగమే చూశారు.

ఎడమకే తిప్పడం గురించి ఇంకొక్క మాట. ఎడమకే తిరగాలి కాబట్టి ఓవల్ (కోడిగుడ్డు ఆకారపు) ట్రాకు మీదికి కారుని వంకరగానే తయారుచేస్తారు. చాలాచోట్ల కుడి టైర్ల చుట్టుకొలత ఎడమవాటికంటే ఎక్కువ ఉంటుంది, స్టీరింగ్ వదిలితే కారు దానంతటదే ఎడమకి లాగుతుంది. పెట్రోలు ఖర్చయ్యేకొద్దీ, టైర్లు అరిగేకొద్దీ, ఎండ దిగేకొద్దీ ఆ వంకర లెక్క తప్పుతుంటుంది. వెనక భాగం జారితే "లూజ్", ముందు భాగం తిరగనని మొండికేస్తే "టైట్". డ్రైవర్ ఆ తేడాని నడుముతో పసిగట్టి రేడియోలో చెప్పాలి. తర్వాత కారు ఆగినప్పుడు పది సెకన్ల అటూ ఇటూలో నాలుగు టైర్లు మారుస్తూనే వెనక అద్దం దగ్గరున్న రంధ్రంలో పానా పెట్టి ఒక చుట్టు తిప్పుతారు. డ్రైవర్ తప్పు చెప్తే ఆ చుట్టు కూడా తప్పే.

మే నెలలో మా దగ్గర కాన్‌కార్డ్‌లో 600 మైళ్ల రేసు జరుగుతుంది. హైదరాబాద్ నుంచి విశాఖ వెళ్లి, మళ్లీ విజయవాడ దాకా వెనక్కి వచ్చినంత దూరం. ఎండలో మొదలై రాత్రి ముగుస్తుంది. నేను చవక టికెట్టుతో కింది వరసలో కూర్చున్నాను. కార్లు దాటిన ప్రతిసారీ పెసరగింజలంత రబ్బరు ముక్కలు ఎగిరొచ్చి కూల్‌డ్రింక్ గ్లాసులో పడ్డాయి. అద్దెకి తీసుకున్న హెడ్‌సెట్‌లో డ్రైవర్ల మాటలు వినొచ్చు. ఒకతను మలుపు మధ్యలో కారు టైట్‌గా ఉందన్నాడు. నాకేమీ తేడా కనపడలేదు. తర్వాతి చుట్టులో పట్టి చూస్తే, నిజమే, అతని కారు మిగతావాటి గీతకంటే ఒక అడుగు గోడవైపుకి పోతోంది. లోపల వేడి 50 డిగ్రీలు దాటుతుందట. మే నెల రామగుండంలో అద్దాలెత్తిన కారులో, దళసరి సూటు వేసుకుని నాలుగు గంటలు కూర్చుని, ఆ ఒక్క అడుగు తేడాని కనిపెట్టి చెప్పమనండి ఆ నోటు రాసినాయన్ని.

ఫార్ములా వన్ డ్రైవర్ వస్తే అందరూ ఇంటికేనా? సినిమాలో సాషా బారన్ కోహెన్ వేసిన ఫ్రెంచ్ డ్రైవర్ జాన్ జిరార్డ్ సరిగ్గా ఫార్ములా వన్ నుంచే వచ్చి రికీని ఓడిస్తాడు. నోటు రాసినాయన అక్కడే ఆగిపోయాడు. తమాషా ఏమిటంటే, సినిమా విడుదలకి నెల ముందు, 2006 జులైలో, హువాన్ పాబ్లో మొంటోయా నిజంగానే ఫార్ములా వన్ వదిలి నాస్కార్‌కి వస్తున్నానని ప్రకటించాడు. అల్లాటప్పా మనిషి కాదు. ఫార్ములా వన్‌లో ఏడు గెలుపులు, అంతకుముందే ఇండియానాపొలిస్ 500 టైటిల్. నాస్కార్‌లో ఏడు సీజన్లు పూర్తిగా ఆడి రెండు రేసులు గెలిచాడు. రెండూ కుడికీ ఎడమకీ తిరిగే ట్రాకుల మీదే. "గానుగ" ఓవల్ మీద ఒక్కటీ లేదు.

న్యూజిలాండ్ డ్రైవర్ షేన్ వాన్ గిస్‌బర్గెన్ 2023లో షికాగో వీధుల్లో తన తొలి నాస్కార్ రేసే గెలిచి అందరి నోళ్లూ మూయించాడు. 2025లో ఐదు గెలిచాడు. ఆ ఐదూ కుడి ఎడమల ట్రాకులే. అన్నివైపులా తిప్పగల మొనగాడికి ఒక్కవైపు తిప్పడమే కొరుకుడు పడలేదు.

రేసు సంస్థ మండిపడిందన్నది శుద్ధ అబద్ధం. నాస్కార్ సహకారంతోనే ఆ సినిమా తీశారు, నిజమైన ట్రాకుల మీద. డేల్ ఎర్న్‌హార్ట్ జూనియర్ తెర మీద కనపడి రికీ ఆటోగ్రాఫ్ అడుగుతాడు. టీవీ వ్యాఖ్యాతలు డారెల్ వాల్ట్రిప్, మైక్ జాయ్ వాళ్లుగానే నటించారు. సినిమాలో రికీ తన కారు మీద చిరుతలాంటి బొమ్మ, "మీ" అన్న ఇంగ్లీషు మాట (అంటే "నేను") వేయించుకుంటాడు. 2012లో కర్ట్ బుష్ అనే నిజం డ్రైవర్ అదే రంగుతో, అదే మాటతో టాలడేగాలో కారు నడిపాడు. కోపమొచ్చినవాళ్లు చేసే పనులేనా ఇవి?

ఎగతాళి లేదని నేననను. అన్నం ముందు ప్రార్థన చేస్తూ, కాంట్రాక్టులో ఉంది కాబట్టి పవరేడ్ పేరు చెప్పి తీరాలంటాడు రికీ. కారు ముందద్దం మీద బిస్కెట్ల స్టిక్కర్ అంటించి దారి కనపడకుండా చేస్తారు. స్పాన్సర్ల గోల మీద అంతకంటే ఘాటైన వాత ఉండదు. కానీ ఆ వాత పెట్టించుకోవడానికి వాళ్లే వీపు చూపించారు.

ప్రాణభయం లేదన్న మాట దగ్గర మాత్రం నాకు నవ్వు రాలేదు. 2001 ఫిబ్రవరి 18న, డేటోనా 500 చివరి చుట్టులో, డేల్ ఎర్న్‌హార్ట్ కారు గోడని కొట్టింది. ఆయన చనిపోయాడు. ఆటోగ్రాఫ్ అడిగిన జూనియర్ ఆయన కొడుకే. ఆ తర్వాతే మెడకి పట్టీ తప్పనిసరి చేశారు, గోడలకి దెబ్బని మింగే మెత్తటి పొర వేశారు. అప్పట్నుంచి నాస్కార్ నడిపేవాటిలో అన్నిటికంటే పెద్ద సిరీస్‌లో రేసులో ఎవరి ప్రాణమూ పోలేదు. బయటినుంచి భయం లేనట్టు కనపడేది ఆ జాగ్రత్తల వల్లే. అన్నట్టు, కనపడని మంటలు కూడా పూర్తిగా కల్పన కాదు. ఇండీకార్ అనే వేరే రకం అమెరికా రేసుల్లో ఒకప్పుడు వాడిన మిథనాల్ అనే ఇంధనం పగటిపూట కంటికి కనపడకుండా మండుతుంది. 1981లో ఇండియానాపొలిస్‌లో రిక్ మియర్స్ అలాగే కాలాడు. నాస్కార్‌లో పోసేది పెట్రోలు కాబట్టి మంట కనిపించి తీరుతుంది, రికీ కంగారుకి అర్థం లేదు.

సినిమా చివర్లో రెండు కార్లూ నుజ్జయ్యాక రికీ, జిరార్డ్ దిగి గీత దాకా కాళ్లతో పరిగెడతారు. ఇది మాత్రం ఎక్కడా జరగదని బావ ఫోన్‌లో పందెం కాశాడు. 2009 ఏప్రిల్‌లో అదే టాలడేగాలో, చివరి చుట్టులో ముందు పోతున్న కార్ల్ ఎడ్వర్డ్స్ కారు గాల్లోకి లేచి కంచెకి కొట్టుకుని, తుక్కై కింద పడింది. కంచె వెనకున్న కొందరు ప్రేక్షకులకి దెబ్బలు తగిలాయి. ఎడ్వర్డ్స్ కారులోంచి బయటికొచ్చి, తాపీగా పరిగెత్తుకుంటూ వెళ్లి గీత దాటాడు. జనం లేచి ఒకటే కేకలు. రికార్డుల్లో 24వ స్థానం ఇచ్చారు.

ఆ వీడియో పంపితే బావ ఒక్కటే అడిగాడు: "చెడ్డీ మీదేనా?"

లేదు బావా, సూట్ వేసుకునే ఉన్నాడు.