ట్యూనర్ వేరు కాపురం

(2010 మే నెల. విజయనగరం కోటకు దగ్గర్లో ఓ పాత మేడ. హాల్లో టీవీ ముందు మామగారు. పొద్దున్నే రోశయ్యగారి వార్తలతో మొదలుపెడితే రాత్రి దాకా రిమోట్ వదలరు. ఈ సంభాషణలో ఆయనకి మాటల్లేవు, ఇంట్లోనూ అంతంతే. వంటింట్లో అత్తగారు ఆవకాయకి ముక్కలు తుడుస్తున్నారు. కోడలు స్టూలు మీద కూర్చుని లాప్‌టాప్‌ల కాగితం తిరగేస్తోంది.)

కోడలు: అత్తయ్యా, ఇక మీ సీరియల్ గొడవ తీరినట్టే. కొనబోయే లాప్‌టాప్‌లోనే టీవీ చూసుకోవచ్చు. ట్యూనర్ ఒకటి ఉంటే చాలు.

అత్త: ట్యూనరేటి? మ్యూజిక్ కాలేజీలో వీణలకి శ్రుతి చేస్తారు, విన్నాను. లాప్‌టాప్‌కి కూడా చెయ్యాలా?

కోడలు: కేబుల్ వైర్లో ఛానెళ్లన్నీ కలిసి వస్తాయి కదా, వాటిలోంచి మనం అడిగినదాన్ని పట్టుకునేది ట్యూనర్. టీవీలకి లోపలే ఉంటుంది. లాప్‌టాప్‌లకి మామూలుగా ఉండదు, మనమే చూసుకోవాలి. లోపల బిగించి వచ్చేది ఒక రకం. పెన్‌డ్రైవ్ మాదిరి బయట గుచ్చుకునేది ఇంకో రకం. బయటిది తీసుకుందాం.

అత్త: (ముక్క తుడవడం ఆపి) బయటెందుకు? లోపల చోటు లేదా? వచ్చిన ఏడాదికే నీకు పొయ్యి వేరు, బియ్యం డబ్బా వేరు. ఇప్పుడు ట్యూనర్ చేత కూడా వేరు కాపురం పెట్టిస్తావా?

కోడలు: వేరు కాపురంలో ఉన్న సుఖం దానికి తెలుసు. లాప్‌టాప్ పాతబడితే పీకి కొత్తదానికి పెట్టుకోవచ్చు. మీ అబ్బాయి కంప్యూటర్‌కీ పనికొస్తుంది. అదే లోపలిదైతే, చిన్న ముక్క పాడైనా మొత్తం లాప్‌టాప్‌ని విశాఖపట్నం మోసుకెళ్లాలి.

అత్త: అంటే నచ్చనప్పుడు గెంటెయ్యడానికి వీలుగా ఉంటుందన్నమాట. బాగుందమ్మా. వచ్చే నెల పెద్దమ్మాయి న్యూజెర్సీ నుంచి వస్తోంది. లోపలే ట్యూనరున్న లాప్‌టాప్ అక్కడ చవగ్గా దొరికిందట, తెస్తానంది. నా కూతురు అంత దూరం నుంచి మోసుకొస్తుంటే నువ్వు బజార్లో పుల్ల కొంటావా?

కోడలు: వదిన తెస్తే వద్దంటానా? కానీ అక్కడి ప్రసారాల పద్ధతి వేరు. మన కేబుల్లో వచ్చేది పాల్ పద్ధతి. అక్కడ పాతరోజుల్లో ఎన్‌టీఎస్‌సీ ఉండేది. నిరుడు జూన్‌లో పెద్ద స్టేషన్లన్నీ అదీ ఆపేసి డిజిటల్‌కి మారాయి, దాని పేరు ఏటీఎస్‌సీ. ఆ ట్యూనర్ పాల్‌ని కూడా పట్టుకుంటుందో లేదో పెట్టె మీద చూడమనండి. లేదంటే మీ సీరియల్ బదులు చుక్కలూ, గరగరా.

అత్త: ఓలమ్మో! మీ శ్రీకాకుళం వాళ్లకి తెలిసినన్ని సంగతులు అమెరికా వాళ్లకెక్కడ తెలుస్తాయిలే.

కోడలు: నాగావళి నీళ్లత్తయ్యా, మరేటనుకున్నారు.

అత్త: అయితే ఆ నీళ్లు తాగిన తెలివితో ఇది చెప్పు. వేలెడంత పుల్లకి ఇంత లావు కేబుల్ వైరు తగిలిస్తే ఆ బరువుకి విరగదా? మొన్న కేబులబ్బాయి గుచ్చిన గుచ్చుడికి టీవీ వెనక పిన్నే వంగిపోయింది.

(ఇది న్యాయమైన ప్రశ్న. బదులు చెప్పే ముందు కోడలు కాగితాన్ని అటూ ఇటూ రెండుసార్లు తిప్పింది.)

కోడలు: మధ్యలో జానెడు యూఎస్‌బీ వైరు వేసుకుంటే సరి. ట్యూనర్ బల్ల మీద పడుంటుంది, బరువు లాప్‌టాప్ మీద పడదు.

అత్త: వైరుకో వైరు! రేపు మావాడు కేబుల్ తీయించేసి మేడ మీద డిష్ గొడుగు పెట్టిస్తేనో?

కోడలు: గొడుగు పెట్టినా దాని పెట్టె ఉండాల్సిందే. ఛానెళ్లకి తాళమేసి పంపుతారు, ఆ తాళం తీసేది పెట్టెలో కార్డే. ఆ పెట్టె వెనక పసుపు, ఎరుపు, తెలుపు వైర్లుంటాయి చూడండి, బయటి ట్యూనర్లు చాలావాటికి అవి పెట్టుకునే వీలుంటుంది. అందుకే బయటిది అంటున్నాను. పైగా కరెంటు పోయినా టెన్షన్ లేదు. లాప్‌టాప్‌కి బ్యాటరీ ఉంటుందిగా, రెండు గంటలు హాయిగా...

(కరెంటు పోయింది. హాల్లో రోశయ్యగారు మాట మధ్యలో ఆగిపోయారు.)

అత్త: నీ లాప్‌టాప్‌కి బ్యాటరీ ఉంది సరే. వీధి చివర స్తంభానికి కేబులోడు కట్టిన డబ్బాకి నువ్వు పెడతావా బ్యాటరీ? పోయిన వారం ఎదురింట్లో ఇన్వర్టర్ మీద టీవీ వెలిగింది గానీ, బొమ్మ వచ్చిందేటి?

కోడలు: ... అందుకేగా రికార్డింగు ఉంది! విండోస్ 7లో, మరీ చవక రకం కాకపోతే, మీడియా సెంటరని ఉంటుంది. టైమ్ పెట్టి లాప్‌టాప్ ఆఫ్ చెయ్యకుండా వదిలేస్తే సీరియల్ దాచిపెడుతుంది. కరెంటు పోయినప్పుడు తీరిగ్గా చూసుకోండి. గంటకి రెండు జీబీ పైనే తింటుందనుకోండి, చూశాక తీసేద్దాం.

అత్త: ఎనిమిదికి నా సీరియల్, ఎనిమిదికే నీ పాటల పోటీ. రెండూ దాస్తుందా?

కోడలు: ఒక ట్యూనర్ ఒకసారి ఒక ఛానెలే పట్టుకుంటుంది. రెండోది కావాలంటే ఇంకో పుల్ల కొనుక్కోవచ్చు. లోపల రెండోది బిగించే వీలుండదు.

అత్త: రెండు పొయ్యిలయ్యాయి, ఇక రెండు పుల్లలు! అంత చిన్నది ఏ పరుపు కిందో పడి పోతేనో?

కోడలు: పని అయ్యాక పీకి బీరువాలో పెట్టుకుంటాం.

అత్త: ఏ బీరువా?

కోడలు: తాళమున్నది మీ బీరువా ఒక్కదానికేగా.

(అత్తగారి చెయ్యి, మామిడి తడితో సహా, బొడ్లో తాళాల గుత్తి మీదికి వెళ్లింది.)

అత్త: ఉండుండు. లాప్‌టాప్ నీ గదిలో ఉంటుంది. పుల్ల నా బీరువాలో ఉంటుంది. పుల్ల లేకపోతే లాప్‌టాప్‌లో టీవీ రాదు. అంతేనా?

కోడలు: ... రాదు.

అత్త: ఈ ముక్క ముందే చెప్పొద్దూ! బయటిదే కొను. మావాడు రాగానే బజారుకి పంపు, బేగి.

కోడలు: అంటే... లోపలిది కూడా మరీ అంత చెడ్డదేం కాదత్తయ్యా. వైర్లు వేలాడవు. యూఎస్‌బీ చోటు ఒకటి మిగులుతుంది. ఊరెళ్లినా మరిచిపోయే బాధ లేదు.

అత్త: పాడైతే విశాఖపట్నం ఎవరు మోస్తారు? నువ్వే అన్నావు.

కోడలు: వదిన పాపం మనసుపడి తెస్తోంది...

అత్త: దానికి నేను ఫోన్ చేసి చెబుతాను. అందులో పాల్ లేదంటాను.

కోడలు: ఉందేమో! ముందు కనుక్కోండి అత్తయ్యా!