సీటు దాకానే లెక్క

ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడుకు ఒక యూనిట్ అంటే 20 మంది. అడ్మిషన్లు అయ్యాక హాజరు పట్టీలో 20 పేర్లు వరసగా ఉంటాయి. ఏ పేరు ఏ కేటగిరీలో వచ్చిందో పక్కనే ఉంటుంది. రోస్టర్ (రిజర్వేషన్ సీట్ల వరస) ప్రకారం ఎవరి సీటు వాళ్లకు ఇచ్చారా లేదా అని పై ఆఫీసు అడుగుతుంది, మనం జవాబు రాస్తాం. సంక్రాంతి సెలవులు అయిపోయాక ఆ పట్టీలో కొన్ని పేర్ల మీద ఎర్రసిరా గీత పడుతుంది. ఆ గీతలు ఎవరివి, ఎందుకు పడ్డాయి అని అడిగే ఫారం మాత్రం నాకు ఎప్పుడూ రాలేదు.

నెల్లూరు జిల్లాలో ఒక ఐటీఐలో కొన్నేళ్లు పాఠం చెప్పాను. నా చేత్తో నేను కొట్టేసిన పేర్లలో ఒకటి ఒక యానాది తెగ (ఎస్టీ) అబ్బాయిది. సముద్రం వైపు ఊరు. వైరు జాయింటు వేయడం ఒకసారి చూపిస్తే చాలు, రెండోసారి తనే పక్కవాళ్లకు చూపించేవాడు. జనవరిలో రావడం మానేశాడు. వాకబు చేస్తే తెలిసింది: వాళ్ల నాయన రొయ్యల గుంటల కాపలాకు ఒప్పుకుని అడ్వాన్సు తీసుకున్నాడు. అది తీరేదాకా ఇంటిల్లిపాదీ గుంట గట్టు మీదే ఉండాలి. మేత చల్లాలి, రాత్రిళ్లు నీళ్లలోకి గాలి కలిపే ఏరేటర్లు ఆగకుండా చూసుకోవాలి. పది రోజులు ఆగి, రూలు ప్రకారం పేరు కొట్టేశాను. కారణం రాయడానికి పట్టీలో గడి లేదు. ఉన్నా ఏం రాసేవాణ్ణో అని అప్పుడు ఆలోచించలేదు. ఆ సంగతి ఇప్పటికీ బాధిస్తుంది.

రిజర్వేషన్లను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. అవి లేకపోతే ఆ అబ్బాయి పేరు పట్టీలోకే ఎక్కేది కాదు. 1951లో చంపకం దొరైరాజన్ కేసులో సుప్రీంకోర్టు కులాలు, మతాలవారీగా సీట్లు పంచే మద్రాసు రాష్ట్రపు కమ్యూనల్ జీవోను కొట్టేసినప్పుడు మన నెల్లూరు, ఒంగోలు ప్రాంతాలు మద్రాసు రాష్ట్రంలోనే ఉన్నాయి. ఆ తీర్పు తర్వాత అదే ఏడాది రాజ్యాంగాన్ని మొదటిసారి సవరించి 15(4) అధికరణం తెచ్చారు. దాని మీద నిలబడే ఈరోజు మన రాష్ట్రంలో ఎస్సీలకు 15, ఎస్టీలకు 6, బీసీలకు 29 శాతం సీట్లు వస్తున్నాయి. తలుపు తెరవడానికి అంత పోరాటం జరిగింది. తెరిచాక లోపలికి వచ్చినవాళ్లు లోపల ఉంటున్నారా, మధ్యలో వెళ్లిపోతున్నారా అని మనం చూడటం లేదు. నా ఫిర్యాదు అంతా ఇదే.

బ్రిటన్‌లో పదహారేళ్లు దాటినవాళ్లకు వృత్తివిద్య నేర్పే కాలేజీలను ఫర్దర్ ఎడ్యుకేషన్ కాలేజీలు అంటారు. మన ఐటీఐ, పాలిటెక్నిక్, ఇంటర్ ఒకేషనల్ కలిపి చేసే పని దాదాపు అదే. అక్కడ 2010లో వచ్చిన సమానత్వ చట్టం వయసు, వైకల్యం, జాతి, మతం, స్త్రీపురుష భేదం లాంటి 9 ప్రాతిపదికల మీద వివక్షను నిషేధించింది. కులం పేరు ఆ తొమ్మిదిలో విడిగా లేదు కాబట్టి ఆ చట్టాన్ని ఉన్నదున్నట్టు మోసుకొచ్చి ఇక్కడ పెడితే పని జరగదు. కానీ అందులో ఒక మాట నాకు చాలా నచ్చింది. ప్రభుత్వ సంస్థ అన్నాక ఎవరినీ తక్కువగా చూడకుండా ఉంటే సరిపోదట. వెనకబడినవాళ్లకు అవకాశం పెరిగేలా చూడాలి, వేర్వేరు వర్గాల మధ్య సఖ్యత పెంచాలి, ఆ పని ఎంతవరకు వచ్చిందో జనానికి తెలిసేలా ప్రచురించాలి. మన కాలేజీల్లో ఈ ప్రచురించే బాధ్యత ఒక్కటి పెట్టినా చాలా మారుతుంది. చేరింది ఎవరు, రెండో ఏడాదికి మిగిలింది ఎవరు, సర్టిఫికెట్ చేతికి వచ్చింది ఎవరికి, అప్రెంటిస్‌షిప్ దొరికింది ఎవరికి అన్న నాలుగు వరసల లెక్కను వర్గాలవారీగా నోటీసు బోర్డు మీద పెడితే, ఆ గీతలు ప్రిన్సిపాల్ కళ్ల ముందు ఉంటాయి.

యానాదులు ఎక్కువగా ఉన్నది నెల్లూరు చుట్టుపక్కలే. వాళ్ల కోసమే నెల్లూరులో ఐటీడీఏ (సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ) ఉంది. బ్రిటిష్ కాలంలో వాళ్లలో కొందరికి నేరస్థ జాతుల చట్టం కింద ముద్ర వేసి, బిట్రగుంట దగ్గర కప్పరాళ్లతిప్ప సెటిల్‌మెంటులో నిఘా కింద ఉంచారు. చట్టం 1952లో పోయింది, చూపు మాత్రం పోలేదు. వర్క్‌షాపులో స్క్రూడ్రైవర్ కనపడకపోతే ముందు ఎవరి సంచీ వెతుకుతారో నేను చూశాను. మా దగ్గర అలా వెతికించుకున్న పిలకాయ ఆ తర్వాత వారం రాలేదు. స్క్రూడ్రైవర్ బెంచీ కింద దొరికింది. ఆ పిలకాయకు ఎవరూ సారీ చెప్పలేదు.

శ్రీహరికోట సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. రాకెట్ కేంద్రం రాకముందు ఆ దీవిలో యానాదులు ఉండేవారు. కేంద్రం కోసం వాళ్లను ఖాళీ చేయించారు. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు ఆ ప్రాంతం తిరుపతి జిల్లాలోకి పోయింది గానీ అంతకుముందు నెల్లూరుదే. ఇస్రో ఐటీఐ చదివిన ఫిట్టర్లను, ఎలక్ట్రీషియన్లను టెక్నీషియన్లుగా తీసుకుంటుంది. దీవి నుంచి బయటికి వచ్చిన కుటుంబాల మనవళ్లు, మనవరాళ్లలో ఎంతమంది ట్రేడ్ సర్టిఫికెట్ పట్టుకుని ఆ గేటు లోపలికి వెళ్లారు? ఆ లెక్క ఐటీఐల దగ్గర ఉండాలి. వాళ్లను చేర్చుకుని, నిలబెట్టుకుని, అక్కడిదాకా పంపడం ఐటీఐల పనే కదా.

ఇక తరగతి గదిలోకి వద్దాం. స్కాలర్‌షిప్ కాగితాలు వచ్చిన రోజు ఒక లెక్చరర్ లోపలికి వచ్చి "ఎస్సీ, ఎస్టీ వాళ్లంతా లేచి నిలబడండి" అంటాడు. ఆయన మనసులో చెడు ఏమీ ఉండకపోవచ్చు, పని తొందరగా అవుతుందని అంటాడు. కానీ ఆ నిలబడిన పది నిమిషాల్లో క్లాసు రెండుగా చీలిపోతుంది. అంతవరకు ఒకే బెంచీలో కూర్చున్న పిలకాయలు ఆ మధ్యాహ్నం వేరే చోట్ల కూర్చుని క్యారియర్లు విప్పడం నేను గమనించాను. మా వైపు కొత్తవాళ్లు పరిచయమైతే "మీరేమిట్లు?" అని, అంటే మీదే కులం అని అడగడం చాలామందికి అలవాటు. ఊళ్లో ఆ అలవాటు మాన్పించడం కష్టమే, కాలేజీలో అంత కష్టం కాదు. స్కాలర్‌షిప్ వివరాలు ఆఫీసులో ఒక్కొక్కరినీ పిలిచి తీసుకోవచ్చు, ఫోనుకు మెసేజ్ పెట్టొచ్చు. రూపాయి ఖర్చు లేదు. 1946లో పొట్టి శ్రీరాములు నెల్లూరు మూలాపేట వేణుగోపాలస్వామి గుళ్లోకి దళితులను రానివ్వాలని నిరాహారదీక్ష చేశారు. జిల్లాకు ఆయన పేరు పెట్టుకున్నాం. ఆ జిల్లా కాలేజీలో కులం పేరుతో పిల్లలను నిలబెట్టడం నాకు మింగుడు పడదు.

ఆడపిల్లల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. నెల్లూరులో ఆడపిల్లలకు ప్రభుత్వ పాలిటెక్నిక్ విడిగా ఉంది. కాలేజీ సీట్లలో మూడో వంతు వాళ్లకు కేటాయింపు ఉంది. డిప్లొమా చదివే అమ్మాయిల్లో ఎంపికైనవాళ్లకు సాంకేతిక విద్యామండలి (ఏఐసీటీఈ) ప్రగతి స్కాలర్‌షిప్ కింద ఏడాదికి 50,000 రూపాయలు ఇస్తారు. ఇంత ఉండీ ఐటీఐకి వస్తే అమ్మాయిలు కంప్యూటర్ ఆపరేటర్ ట్రేడులో, కుట్టుపని ట్రేడులో కనిపిస్తారు. ఫిట్టరులో, వెల్డరులో వెతకాలి. వాళ్లకు ఇష్టం లేదని తేల్చేసేవాళ్లను నేను ఒప్పుకోను. ఎలక్ట్రీషియన్‌లో చేరడానికి వచ్చిన ఒక అమ్మాయికి అడ్మిషన్ కౌంటర్ దగ్గరే "స్తంభాలు ఎక్కాలమ్మా, నీకెందుకు" అని చెప్పి కంప్యూటర్ వైపు పంపడం నా ముందే జరిగింది. ఎలక్ట్రీషియన్ పనంటే స్తంభం ఎక్కడం ఒక్కటేనా? ప్యానెల్ బోర్డులు, మోటారు వైండింగు, ఫ్యాక్టరీ మెయింటెనెన్సు ఉన్నాయి. కృష్ణపట్నం వైపు థర్మల్ కేంద్రాలు, నూనె మిల్లులు, రొయ్యల ప్రాసెసింగ్ యూనిట్లు ఉన్నాయి. ఆ రొయ్యల యూనిట్లలో తలలు తీసే పని, పొట్టు ఒలిచే పని ఎక్కువగా ఆడవాళ్లదే. అదే ఫ్యాక్టరీలో ఫ్రీజర్ మెషీను బాగుచేసే పని మాత్రం మగవాళ్ల చేతుల్లో ఉంటుంది. ఒకే గేటు, ఒకే షిఫ్టు, జీతాలు వేరు. ఆ తేడా చాలావరకు ట్రేడ్ సర్టిఫికెట్ దగ్గరే మొదలవుతోంది.

2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితమైంది. చాలా మంచి పని. చార్జీల కోసం చదువు మాన్పించే తల్లిదండ్రుల దగ్గర ఒక సాకు తగ్గింది. అయితే వర్క్‌షాపు సాయంత్రం దాకా ఉంటే, ఊరికి పోయే ఆఖరి బస్సు అంతకుముందే వెళ్లిపోయే పల్లెలు ఉన్నాయి. కాలేజీ టైము, బస్సు టైము కలిపి చూసుకోవడానికి ప్రిన్సిపాల్, డిపో మేనేజర్ ఒక్కసారి కూర్చుంటే చాలు. బాత్రూముల గురించి ఎక్కువ చెప్పను. వర్క్‌షాపు ఒక చివర, ఆడపిల్లల బాత్రూము ఇంకో చివర ఉంటే, పొద్దుటి నుంచి నీళ్లు తాగకుండా ఉండే అమ్మాయి లేత్ మెషీను దగ్గర ఎలా నిలబడుతుంది?

ఆడవాళ్ల చదువుకు ఈ జిల్లాలో ఎంత బలం ఉందో కొత్తగా నిరూపించనక్కర్లేదు. కలిగిరి దగ్గర దూబగుంటలో అక్షరాస్యత కేంద్రాలకు వెళ్లిన ఆడవాళ్లే సారా అంగడి మూయించారు. అది జిల్లా అంతా పాకి, 1993లో రాష్ట్రంలో సారా నిషేధం దాకా వెళ్లింది. రాత్రి బడిలో నేర్చుకున్న నాలుగు అక్షరాలతో ఆ తరం అంత చేసింది. వాళ్ల మనవరాళ్లను కౌంటర్ దగ్గర వెనక్కి పంపుతున్నాం.

పాత ప్రకాశం జిల్లా పడమటి వైపు కష్టం వేరే రకం. కనిగిరి ప్రాంతంలో నీళ్లలో ఫ్లోరైడు వల్ల కాళ్లు వంకరపోయిన కుటుంబాలు చాలా ఉన్నాయి. 2016 వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది, భవనాలు అందరూ వెళ్లగలిగేలా ఉండాలంది. డ్రాయింగ్ హాలు మేడమీద పెట్టి, లిఫ్టు లేకుండా, ర్యాంపు గేటు దగ్గర మాత్రం కట్టి ఫొటో తీసిన కాలేజీ నాకు తెలుసు. ఆ హాలును కిందికి మార్చడానికి రెండు గదులు అటూ ఇటూ సర్దితే సరిపోయేది. దోర్నాల, యర్రగొండపాలెం అడవుల్లోని చెంచు పిల్లలకైతే దగ్గర్లో హాస్టల్ లేకపోతే సీటు ఇచ్చినా ఇవ్వనట్టే. దరఖాస్తులో ట్రాన్స్‌జెండర్ అని గడి పెట్టిన కాలేజీలు ఆ గడిలో టిక్కు పెట్టినవాళ్లు ఏ హాస్టల్లో ఉంటారో కూడా ముందే ఆలోచించాలి.

ఇదంతా చెబితే కొందరు తోటి ఉపాధ్యాయులు "చదివేవాడు ఎట్టయినా చదువుతాడు, మనం ఎంతమంది వెనకాల తిరుగుతాం" అంటారు. వాళ్ల ఇబ్బంది నాకు తెలుసు. ఖాళీ పోస్టుల వల్ల ఒక్కో ఇన్‌స్ట్రక్టర్ రెండు బ్యాచ్‌లు చూసుకునే చోట్లు ఉన్నాయి. అయినా మానేసిన పిల్లవాడి ఇంటికి మొదటి వారంలోనే ఒక ఫోను చేయడం, అడ్వాన్సు సంగతి తేలితే ఐటీడీఏకో లేబర్ ఆఫీసుకో ఒక కాగితం రాయడం మన పని కాదనుకోను. అడ్వాన్సు కింద మనుషులను కట్టేయడం 1976 చట్టం ప్రకారం నేరం. ఆ కాగితం ఆ రోజు నేను రాయలేదు.

ఆ అబ్బాయి ఈమధ్య ఒక పెళ్లిలో కనిపించాడు. ఇప్పటికీ గుంటల దగ్గరే ఉన్నాడు. చుట్టుపక్కల ఏ ఏరేటర్ మోటారు కాలినా తననే పిలుస్తారట, జీతం మాత్రం కాపలా జీతమే. "ఇప్పుడు మళ్లా చేరొచ్చా సార్?" అని అడిగాడు. ఐటీఐకి పైవయసు అడ్డం కాదని చెప్పాను. పదో తరగతి సర్టిఫికెట్, కులం కాగితం అన్నీ చేరినప్పుడు కాలేజీలో ఇచ్చేశాడు, అక్కడే ఉండిపోయాయి. వెళ్లి తెచ్చుకోవాలంటే ఆఫీసు తెరిచి ఉండే రోజు సెలవు కావాలి. గుంట యజమానిని అడిగి చెబుతానన్నాడు.